భక్తి చిత్రాలు, గుడుల డాక్యుమెంటరీలు ఎందుకు నిరాశపరుస్తున్నాయి?

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి కాబట్టి, దాన్ని ముందుగా క్లుప్తంగా మళ్లీ చెప్పి మొదలుపెడతానమ్మా. డెబ్భై నాలుగేళ్ల మీ నాన్నగారిని మిర్యాలగూడలో ఒక కొత్త పౌరాణిక చిత్రానికి తీసుకువెళ్లారు. విరామం పడగానే ఆయన "ఇంటికి పోదాం బిడ్డా" అని లేచారు. ఆయన మనసు కుదుటపరచడానికి మన ప్రాంతపు గుడుల మీద తీసిన డాక్యుమెంటరీలు రెండు మూడు ఇంట్లో పెట్టి చూపిస్తే, వాటినీ సగంలోనే ఆపమన్నారు. సినిమా వాల్మీకిని తప్పడం వల్ల ఇలా జరిగిందా, లేక మనలోనే భక్తి సన్నగిల్లిందా, పెద్దవాళ్లతో కూర్చుని చూడదగినవి ఇప్పుడేమైనా ఉన్నాయా అని మీరు అడిగారు.

నేను నల్లగొండలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు ఉపన్యాసకుడిగా పనిచేసి ఉద్యోగ విరమణ పొందాను. చిన్నతనంలో మా ఊరి నాటక సమాజంలో తెర వెనుక నిలబడి పద్యాలు అందించేవాణ్ణి. ఉద్యోగంలో ఉండగానే గుడుల మీద తీసిన చిన్న డాక్యుమెంటరీలు తొమ్మిదింటికి వ్యాఖ్యానం రాశాను. వాటిలో రెండింటిని తప్ప మిగిలినవాటిని మళ్లీ చూడాలంటే నా మనసు ఒప్పదు. కాబట్టి ఈ విషయంలో ప్రేక్షకుడిగా కొంత, తీసేవారి పక్కన నిలబడినవాడిగా కొంత చెప్పగలను.

మీ నాన్నగారి భక్తికి వచ్చిన లోటేమీ లేదు. భక్తి లేనివాడు థియేటర్లో నిద్రపోతాడు, లేదా ఫోను తీసి చూసుకుంటాడు. మనసు నొచ్చినవాడే లేచి బయటికి వస్తాడు. ఆయన దేవుణ్ణి చూడాలని వెళ్లారు, అక్కడ ఆయనకు చేయడానికి పనేమీ దొరకలేదు. ఈ "పని" అన్న మాటను నేను తెలిసే వాడుతున్నాను. ఎందుకు వాడుతున్నానో కాస్త వివరంగా చెబుతాను.

అంతకన్నా ముందు వాల్మీకి సంగతి. మూలాన్ని తప్పింది కాబట్టి సినిమా చెడింది అన్నది మనవాళ్లు తరచుగా చెప్పే కారణమే, కానీ అది నిలబడదు. మీ నాన్నగారు పదిసార్లయినా చూసి ఉండే 1957 నాటి మాయాబజార్‌లోని శశిరేఖ వ్యాస భారతంలో ఎక్కడా లేదు. అక్కడ అభిమన్యుడు పెళ్లాడింది విరాటుని కూతురు ఉత్తరను. 1963లో వచ్చిన లవకుశలో చాకలి దంపతుల గొడవ కథను మలుపు తిప్పుతుంది. వాల్మీకి ఉత్తరకాండలోనైతే భద్రుడనేవాడు పురజనులు అనుకుంటున్న మాటలను రాముడికి విన్నవిస్తాడు, చాకలి ప్రస్తావనే లేదు. అయినా ఆ రెండు చిత్రాలనూ మన ఊళ్లలో ఎవరూ అపచారమనుకోలేదు. లవకుశకు బండ్లు కట్టుకుని పట్నాలకు వెళ్లిన కుటుంబాల కథలు మా ఇంట్లోనే ఉన్నాయి. మన జనం రామాయణాన్ని ఏనాడూ ఒకే పుస్తకంగా ఎరగరు. ఆడవాళ్ల పాటల్లో ఊర్మిళ నిద్ర ఉంది, తోలుబొమ్మల తెర మీద వేరే హాస్యం ఉంది, చిందు భాగోతంలో కథ వేరే దారిలో నడుస్తుంది. కథ మారినందుకు మీ నాన్నగారు లేచి ఉండరు. ఆయనను ఒకసారి అడిగి చూడండి. "మాటలు వినబడలేదు" అనో, "అది మన దేవుడి మాట కాదు" అనో అంటారని నా అంచనా.

మా ఊరి నాటకంలో జరిగిన ఒక సంగతి చెబితే నా ఉద్దేశం తెలుస్తుంది. మాఘమాసంలో కురుక్షేత్రం ఆడుతున్నాం. హార్మోనియం, తబలా, రెండు పెట్రోమాక్స్ దీపాలు, అంతే సరంజామా. కృష్ణుడి వేషం వేసినాయన రాయబారం పద్యంలో మూడు పాదాలు రాగం తీసి పాడి, నాలుగో పాదం మరిచిపోయాడు. నేను తెర చాటు నుంచి అందించేలోపే, ముందు వరుసలో గొంగడి కప్పుకుని కూర్చున్న గొల్ల పెద్దమనిషి ఒకాయన ఆ పాదం ఎత్తుకున్నాడు. ఆయనకు అక్షరం రాదు. ఆయన వెనుక మరో పది గొంతులు కలిశాయి. కృష్ణుడు నవ్వి, వాళ్లు పూర్తిచేసిన చోట నుంచే సాగించాడు. ఆ రాత్రి నాటకం వేదిక మీద సగం, కింద సగం జరిగింది. పద్యం తెలిసినవాడు ఎదురుచూస్తాడు, రాగం దీర్ఘమవుతుంటే ఊపిరి బిగపడతాడు, చివరి మాట పడగానే "ఒన్స్‌మోర్" అంటాడు. భక్తి అక్కడ చూసేవాడి చేతిలో పని.

తెలుగు పౌరాణిక చిత్రం ఈ వేదిక నుంచే పుట్టింది. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో విడుదలైంది. అందులో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి నాటకరంగం నుంచి వచ్చిన నటి. ఆ తర్వాత నలభై ఏళ్లపాటు సినిమాలో కూడా పద్యానికి పీట వేశారు. పద్యం పాడుతున్నంతసేపు కెమెరా పాత్ర ముఖం మీదే నిలిచేది, కదిలేది కాదు. ఇప్పటి పిల్లలకు అది నెమ్మదిగా కనిపించవచ్చు గాని, ఆ నెమ్మదిలోనే ప్రేక్షకుడికి చోటు ఉండేది.

ఇప్పుడు ఒకే చిత్రాన్ని నాలుగైదు భాషల్లో ఒకేరోజు విడుదల చేస్తున్నారు. పద్యం భాష దాటదు. సీసపద్యాన్ని హిందీలోకో మలయాళంలోకో డబ్బింగు చేయడం సాధ్యం కాదు కాబట్టి, రచన దశలోనే దాన్ని తీసేస్తారు. పద్యంతో పాటు ఒక ప్రాంతపు నుడికారం పోతుంది, హాస్యం పోతుంది, కొడుకు తల్లిని ఎలా పిలుస్తాడు, సేవకుడు ప్రభువును ఎలా పిలుస్తాడు అన్న తేడాలు పోతాయి. ఏ భాషలోనైనా ఒకేలా ఉండేవి రెండే మిగులుతాయి: బొమ్మ, చప్పుడు. అందుకే బొమ్మను పెద్దది చేస్తారు, చప్పుడును పెంచుతారు. ఇది తీసినవారి భక్తిహీనత అని నేను అనను, వ్యాపారపు లెక్క అలా నడిపిస్తోంది. కానీ చేదు ఎవరి నోటికి తగులుతోందో చూడాలి. పద్యం పోయినందుకు ముందుగా నష్టపోయేది మీ నాన్నగారి తరమే, ఎందుకంటే వాళ్ల రామాయణం చెవిలో ఉంది.

మాటల విషయంలో ఒక ఉదాహరణ అందరికీ తెలిసిందే. 2023 జూన్ 16న ఆదిపురుష్ విడుదలైనప్పుడు, ప్రదర్శన జరిగే ప్రతి థియేటర్లో ఒక సీటును హనుమంతుడి కోసం ఖాళీగా ఉంచుతామని నిర్మాతలు ప్రకటించారు. విడుదలైన కొద్ది రోజులకే, హనుమంతుడి నోట పలికించిన మాటల మీద దేశమంతటా అభ్యంతరాలు వచ్చి, కొన్ని సంభాషణలను మార్చవలసి వచ్చింది. ఆ ఖాళీ సీటుకు దండం పెట్టినవారిని నేను చూశాను, వారిని గౌరవిస్తాను. అయితే హనుమంతుడికి ఇవ్వవలసిన మర్యాద ముందుగా ఆయన మాటకు ఇవ్వాలి. కిష్కింధకాండలో హనుమంతుడి తొలి పలుకులు వినగానే రాముడు లక్ష్మణుడితో, వేదాలు చదవనివాడు, వ్యాకరణం నేర్వనివాడు ఇలా మాట్లాడలేడని మెచ్చుకుంటాడు. మాట తీరుతోనే పరిచయమైన పాత్ర అది. అటువంటి పాత్ర దగ్గరే మాట జారితే భక్తుడికి తగిలే దెబ్బ చిన్నది కాదు.

దూరదర్శన్‌లో రామాయణం 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 దాకా ఆదివారం ఉదయం పూట వచ్చింది. అది హిందీ. మా ఊళ్లో ఎవరికీ సరిగా రాదు. కిరీటాలు అట్టవని తెలిసిపోయేది, బాణాలు గాల్లో ఢీకొనే తీరు చిన్నపిల్లలకే నవ్వు తెప్పించేది. అయినా నకిరేకల్ దగ్గరి మా ఊళ్లో టీవీ ఉన్న ఒక్క ఇంటి ముందు వాకిలి నిండిపోయేది. మా అమ్మ హిందీ మాట రాకముందే తర్వాత జరగబోయేది పక్కవాళ్లకు తెలుగులో చెప్పేది. కైకేయి కోపగృహంలో పడుకోగానే "ఇంక అడుగుతది చూడండి రెండు వరాలు" అని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ముఖాల మీద కెమెరా చాలాసేపు నిలిచేది కాబట్టి అమ్మకు ఆ వ్యవధి దొరికేది. ఇప్పటి చిత్రం ముందు అమ్మను కూర్చోబెడితే ఆమెకు ఒక్క మాట చెప్పే సందు ఉండదు.

మరో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది హిందూ పురాణాలకే పరిమితమైన విషయం కాదు. 1978లో వచ్చిన కరుణామయుడును చర్చి వాళ్లు పల్లె పల్లెకూ ప్రొజెక్టరుతో తీసుకువెళ్లి వేసేవారు. మా బడి మైదానంలో తెల్లగుడ్డ తెర మీద వేసినప్పుడు అన్ని వాడల వాళ్లమూ కలిసి చూశాం. శిలువ మోసే ఘట్టంలో జనరేటరు చప్పుడు తప్ప మరేదీ వినబడలేదు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ పోచమ్మకు బోనం పెట్టే మనిషి, ఆమె ఆ రాత్రి ఏడ్చింది. ఎవరి దేవుడు అన్నది ఆమెకు అడ్డం రాలేదు. మోసేవాడి అలసటను చూపించారు, అది ఆమెకు తెలిసిన అలసట. ఈనాటి చాలా భక్తి చిత్రాల్లో దేవుడికీ అలసట లేదు, భక్తుడికీ లేదు. కన్ను మూసి తెరిచేలోగా గ్రాఫిక్సులో వెలుగు వస్తుంది, కష్టం తీరుతుంది.

ఇక డాక్యుమెంటరీల గురించి. ఇక్కడ నా బాధ ఎక్కువ. సినిమాకు కల్పన హక్కు ఉంది. డాక్యుమెంటరీ ఉన్నది ఉన్నట్టు చూపిస్తానని మాట ఇచ్చి మొదలవుతుంది, ఆ మాట తప్పితే దాని దగ్గర మిగిలేదేమీ ఉండదు.

పానగల్లు నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఊరు. కందూరు చోడుల కాలంలో అక్కడ ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం వెలిశాయి. పక్కనున్న ఉదయసముద్రం చెరువు కూడా ఆ వంశపు ఉదయ చోడుడి పేరు మీద ఉన్నదే. ఛాయా సోమేశ్వరం త్రికూటాలయం, అంటే ఒకే మండపానికి మూడు దిక్కుల మూడు గర్భగుళ్లు. వాటిలో ఒకదానిలో శివలింగం వెనుక గోడ మీద స్తంభం ఆకారపు నీడ పగలంతా కదలకుండా నిలబడి ఉంటుంది. ఆకాశంలో సూర్యుడు నడుస్తాడు, లోపల నీడ నడవదు. దీనికి కారణం ఉంది. గర్భగుడిలోకి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు. ఆకాశం నుంచి, ఆవరణలోని నేల నుంచి, గోడల నుంచి చెదిరి, స్తంభాల సందుల్లోంచి లోపలికి చేరే వెలుతురు. ఆ వెలుతురు దూరే దారులు సూర్యుడితో పాటు జరగవు, స్తంభాలు జరగవు, కాబట్టి వాటి నీడా జరగదు. సూర్యాపేటకు చెందిన ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు నమూనా తయారుచేసి ఈ సంగతిని చూపించారు కూడా.

సుమారు పదిహేనేళ్ల కిందట ఒక చానెల్ వారు ఈ గుడి మీద అరగంట డాక్యుమెంటరీ తీస్తూ నన్ను వ్యాఖ్యానం రాయమన్నారు. బృందం హైదరాబాదు నుంచి పదింటికి వచ్చింది, పన్నెండున్నరకు తిరుగు ప్రయాణం. గర్భగుడి చీకటిగా ఉందని, సహాయకుడొకడు తెల్లని థర్మోకోల్ అట్టను మండపం అంచున ఎండలో పట్టి, వెలుగును లోపలికి మళ్లించాడు. మరుక్షణం గోడ మీది నీడ పలచబడి, దాని పక్కన మరో సన్నని నీడ లేచింది. పూజారి నా భుజం తట్టి "చూసిన్రా సారూ, వెలుగు మారంగనే నీడ మారింది" అన్నారు. ఆ గుడిలోని విద్య అంతా ఆ అట్ట ముక్క మీద తేలిపోయింది! దర్శకుడు మాత్రం "తియ్, తియ్, నీడ పోతోంది" అని అరిచి దాన్ని పక్కన పెట్టించాడు. అట్ట పెట్టడం, తీయడం, ఈ రెండింటినే పది సెకన్లు చూపిద్దాం, నా వ్యాఖ్యానం కూడా అక్కర్లేదని ఆయనను బతిమాలాను. రహస్యం పోతే ఎవరు చూస్తారని ఆయన అడిగాడు. ప్రసారమైన రోజు నేను రాసిన రెండు పేరాల వివరణ లేదు. దాని స్థానంలో "శాస్త్రవేత్తలకు సైతం అంతుచిక్కని మహాద్భుతం" అన్న వాక్యం గంభీరమైన గొంతుతో వినిపించింది.

నాకు కోపం వచ్చింది నా వాక్యాలు పోయినందుకు కాదు. ఎన్ని స్తంభాలు, ఎంత ఎడం, ఏ దిక్కు తెరిచి ఉంచాలి అని రాతి మీద లెక్క వేసిన స్థపతి ఒకడు ఉన్నాడు. ఆయన తన బుద్ధిని శివుడికి నైవేద్యంగా పెట్టాడు. "అంతుచిక్కని" అన్న ఒక్క మాటతో ఆయనను ఆ గుడిలోంచి బయటికి పంపించారు. కారణం చెబితే భక్తి తగ్గుతుందన్న భయం ఆ చానెల్ వారిది. పూజారికి కారణం తెలుసు, ఆయన ప్రతి ఉదయం దీపం వెలిగిస్తూనే ఉన్నారు.

ఆలంపురం మీద తీసినవాటిలో తప్పు ఇంకా సులభంగా పట్టుకోవచ్చు. నవబ్రహ్మ ఆలయాలు అన్న పేరు చూసి అవి తొమ్మిదీ బ్రహ్మదేవుడి గుడులని చెప్పే వ్యాఖ్యానాలు ఇప్పటికీ వస్తున్నాయి. బాలబ్రహ్మ, తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, విశ్వబ్రహ్మ, ఇవన్నీ శివాలయాలే, బాదామి చాళుక్యుల కాలపు కట్టడాలు. లోపలికి వెళ్లి శివలింగానికి నమస్కరించినవారెవరూ ఆ తప్పు చేయలేరు. డ్రోను పైనుంచి తిరిగి వెళ్లిపోతే చేస్తారు. అక్కడే కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని ఆ గుడిని రాయి రాయి విప్పి తెచ్చి ఆలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఆ ముంపులో దేవుడితో పాటు ఊళ్లు కూడా కదిలాయి. పొలం పోగొట్టుకుని, పుట్టిన ఊరు పోగొట్టుకుని, తన దేవుణ్ణి కొత్త చోట వెతుక్కుంటూ వచ్చి కొబ్బరికాయ కొట్టిన మనిషి మనసులో ఏముందో అడిగిన డాక్యుమెంటరీ నా కంట పడలేదు. శిఖరం ఎత్తు, శైలి పేరు, పర్యాటకులకు దారి, ఇంతే.

యాదగిరిగుట్ట విషయంలోనూ ఇదే జరిగింది. పునర్నిర్మాణం కోసం 2016 నుంచి స్వామివారి పూజలను బాలాలయంలో, అంటే తాత్కాలిక గుడిలో జరిపారు. కృష్ణశిలతో కట్టిన ప్రధానాలయం 2022 మార్చి 28న భక్తులకు తెరుచుకుంది. దాని రూపకల్పనకు సినిమా కళాదర్శకుడు ఆనంద్‌సాయి బాధ్యత వహించారు. సెట్లు వేసే చేయి రాతి గుడికి రూపమివ్వడం నాకు ఆసక్తికరమైన విషయమే. ఆరేళ్లపాటు ఉలి పట్టిన శిల్పుల రోజును ఉదయం నుంచి సాయంత్రం దాకా చూపిస్తే అంతకన్నా మంచి భక్తి చిత్రం ఉండదు. బాలాలయంలోనే పుట్టువెంట్రుకలు తీయించిన పిల్లలు కాస్త ఎదిగి కొత్త గుడిలో అడుగుపెట్టిన కథ ఉంది. వచ్చినవన్నీ ఖర్చు లెక్కలు, బంగారం లెక్కలు, ఎవరెవరు విచ్చేశారన్న వివరాలు.

నేను నిజంగా చూడాలని కోరుకునే డాక్యుమెంటరీ కురుమూర్తి మీద. పాలమూరు జిల్లా చిన్నచింతకుంట మండలంలో కురుమూర్తి స్వామి జాతర కార్తీకంలో జరుగుతుంది. స్వామివారి ఉద్దాలు, అంటే పాదుకలు, వడ్డెమాన్‌లో దళిత కుటుంబాల వారు నియమంతో ఉండి తోలుతో తయారుచేస్తారు. ఆ ఉద్దాలు ఊరేగింపుగా గుట్టకు వస్తాయి. నేను వెళ్లిన ఏడాది జనం మధ్యలో ఇరుక్కుని వాటిని చేతికందేంత దగ్గర నుంచి చూశాను. ఎన్ని పూలు కప్పినా కొత్త తోలు వాసన దాగలేదు, కుట్టు వరస తీరుగా కనబడుతోంది. ఒక ముసలాయన మనవణ్ణి భుజం మీదికెత్తి వాడి తలకు ఉద్దాలు తాకించాలని ఎంతసేపు ప్రయత్నించాడో! తోలుపని చేసినందుకే కొన్ని వాడలను దూరంగా పెట్టిన సమాజంలో, ఆ తోలు తలకు తాకితే చాలునని జనం తోసుకుంటున్నారు. దీన్ని చూపించడానికి గ్రాఫిక్సు అక్కర్లేదు. తోలు నానబెట్టిన రోజు నుంచి ఆ ఇంట్లో కెమెరా పెట్టి, కుట్టే చేతులను ఓపికగా చూపిస్తే చాలు. ప్రతి ఏటా టీవీలో వచ్చేది మాత్రం గుంపును పైనుంచి చూపే రెండు నిమిషాల వార్త, "లక్షలాదిగా తరలివచ్చిన భక్తజనం" అన్న అదే వాక్యం.

జాన్‌పహాడ్ సైదులు దర్గా సంగతీ అంతే. పాలకీడు మండలంలోని ఆ దర్గాకు జనవరిలో జరిగే ఉర్సులో హిందువులూ ముస్లిములూ కలిసే కందూరు, అంటే మొక్కు విందు, చేస్తారు. మా బంధువుల్లోనే ఇద్దరికి సైదులు అని పేరు పెట్టారు, వాళ్లు హిందువులు. చానెళ్ల పంపకంలో భక్తి కార్యక్రమాలు ఏ మతానివి ఆ మతం గంటలోనే రావాలి కాబట్టి, రెండింటికీ చెందిన ఈ జాతర ఏ గంటలోనూ ఇమడక బయటే ఉండిపోతోంది.

ఇవన్నీ కావాలని చేసే ద్రోహాలు కావు. రెండు గంటల్లో చిత్రీకరణ ముగించాలి, రాసేవాడికి ఇచ్చేది రెండు వేలో మూడు వేలో, గర్భగుడిలో కెమెరాకు అనుమతి ఉండదు, రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ నుంచి ముందే అనుమతి తెచ్చుకోవాలి. ఇన్ని ఇబ్బందుల మధ్య సులువైన దారి డ్రోను, సంగీతం, రహస్యం. కానీ పూజారితో ఒక పూట కూర్చోవడానికి అనుమతి పత్రం అక్కర్లేదు, అది మాత్రం ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మీ మూడో ప్రశ్నకు వస్తాను. కొత్త పౌరాణిక చిత్రానికి వెళ్లే ముందు దాని ప్రచార చిత్రాన్ని కళ్లు మూసుకుని ఒకసారి వినండి. మనిషి గొంతు ఎంతసేపు వినిపించింది, అందులో ఒక్క వాక్యమైనా మీ నాన్నగారు ఇంట్లో తిరిగి అనగలిగేలా ఉందా అని చూడండి. లేకపోతే ఆయనను అంత దూరం తిప్పవద్దు. డాక్యుమెంటరీ అయితే మొదటి ఐదు నిమిషాలు చాలు. గుడి ఎవరు కట్టించారో చెప్పినప్పుడు ఏ శాసనం ఆధారంగా చెబుతున్నారో చెప్పారా, ఆ ఊరి మనిషి ఒక్కరైనా ఒక నిమిషం పాటు అడ్డు లేకుండా మాట్లాడారా అన్నది గమనించండి. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో శాసనాల రాళ్లు గుడి ఆవరణలోనే కళ్లెదుట నిలబడి ఉన్నా, వాటి వైపు తిరగకుండా సాగిపోయిన వ్యాఖ్యానాన్ని నమ్మవలసిన అవసరం లేదు. పాత చిత్రాలను ఇంట్లో పెట్టినప్పుడు రిమోటు మీ నాన్నగారి చేతికే ఇవ్వండి. పద్యం దగ్గర ఆపి తానే పాడతానంటే పాడనివ్వండి, పిల్లలు విసుక్కున్నా సరే.

వీటికన్నా ముందు ఒక పని చేయమని మిమ్మల్ని కోరుతున్నాను. మిర్యాలగూడ నుంచి పానగల్లుకు గంటన్నర ప్రయాణం మించదు. ఎండ బాగా కాసే రోజు చూసుకుని పది గంటలకల్లా ఛాయా సోమేశ్వరానికి చేరేలా బయలుదేరండి, ఉతికిన తెల్ల ధోవతి ఒకటి వెంట తీసుకెళ్లండి. పూజారిగారి అనుమతి అడిగి, మీ నాన్నగారిని గర్భగుడి ద్వారం ముందు కూర్చోబెట్టండి. మీరు మండపం అంచున ఎండలో నిలబడి ధోవతిని రెండు చేతులా పట్టి, వెలుగు లోపలికి మళ్లేలా మెల్లగా కుడికీ ఎడమకూ తిప్పండి. మధ్యలో మీరేమీ చెప్పవద్దు. నీడకు ఏమవుతోందో ఆయననే చూసి చెప్పమనండి.